టగ్గు పని ఎందుకు ఆలస్యమైంది, మీ బోట్ల సంగతేంటి

బోటు ఓనర్లందరికీ నమస్కారం. ఏప్రిల్ 15న నిషేధం వచ్చి వేట ఆగగానే మీ బోట్ల కంట్రోల్ ప్యానెల్ పని మొదలుపెడతామని మాటిచ్చాం. ఈసారి ఆ మాట తప్పుతున్నాం. మే మొదటి వారం దాకా మా వాళ్లెవరూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి రాలేరు. కారణం పెద్ద ఓడల్ని లాగే ఆ పాత టగ్గు. సింధియా జంక్షన్ టీ కొట్టు దగ్గర తలో రకంగా చెప్పుకుంటున్నారని తెలిసింది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను.

1988లో కట్టిన టగ్గు అది. ఇంజిన్‌కి ఢోకా లేదు, కంట్రోల్ ప్యానెలే పాతబడిపోయింది. బీరువా అంత పెట్టె నిండా రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లు, వాటిలో సగానికి స్పేర్లు దొరకవు. అవన్నీ తీసేసి ఒక పీఎల్‌సీ, అంటే ఆ రిలేల పని చేసే చిన్న కంప్యూటర్, పైన టగ్గు నడిపే గదిలో (వీల్‌హౌస్‌లో) ఒక స్క్రీన్ పెట్టాలి. నాలుగు వారాల పని అనుకుని రేటు చెప్పాను. ఇప్పుడు పదో వారం నడుస్తోంది.

తప్పు నాదే. ఓనరు గారిచ్చిన డ్రాయింగులు చూసి లెక్క వేశాను, ప్యానెల్ విప్పి చూడలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్లు ఆ పెట్టెలో చెయ్యి పెట్టారో డ్రాయింగులో ఎందుకుంటుంది? వైర్ల మీద నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. కొన్ని కేబుళ్లు పైకి శుభ్రంగా ఉన్నాయి గానీ, తొడుగు ఒలిస్తే లోపల రాగి ఉప్పుగాలికి పచ్చగా పొడి రాలింది. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు మీటర్ పట్టుకుని ఒక్కో వైరూ వెతకడానికే మూడు వారాలు పోయాయి.

కొత్త సిస్టమ్ ఎక్కించాక జెట్టీ దగ్గరే ఇంజిన్ స్టార్ట్ చేశాం. పది సెకన్లలో ఆగిపోయింది. స్క్రీన్ మీద ఎర్రగా 'లూబ్ ఆయిల్ ప్రెషర్ లో', అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉందని. గేజీలో చూస్తే ప్రెషర్ బాగానే ఉంది. మళ్లీ స్టార్ట్ చేశాం, మళ్లీ అంతే. "పాతదానితో ఒక్కసారి కూడా ఇలా ఆగలేదయ్యా" అన్నారు చీఫ్ ఇంజినీరు గారు, నా వంక చూడకుండా. రెండు రోజులు మా ప్రోగ్రామ్‌లోనే తప్పు వెతుక్కున్నాం. ఆ టెన్షన్‌లో నాకు అన్నం కూడా సయించలేదు. మూడో రోజు మా కుర్రాడు, విప్పి డెక్ మీద పడేసిన పాత ప్యానెల్ వెనక టార్చి వేసి నన్ను పిలిచాడు. రెండు టెర్మినళ్ల మధ్య వేలెడు పసుపు వైరు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఇంజిన్‌ని ఆపాల్సిన స్విచ్‌ని ఎవరో ఆ ముక్కతో పక్కకి తప్పించేశారు. ఇంజిన్ దగ్గర చూస్తే ఆ స్విచ్ తుప్పుపట్టి, ఎప్పుడూ ప్రెషర్ లేదన్నట్టే బిగుసుకుపోయి ఉంది. పాత ప్యానెల్‌తో అయితే ఆయిల్ మొత్తం కారిపోయినా ఆ ఇంజిన్ ఆగేది కాదన్నమాట.

ఇప్పుడు కొత్త స్విచ్ వేశాం. స్క్రీన్ మీద ప్రెషర్ చూపించడానికి వేరే సెన్సర్ ఉంది. ప్రెషర్ సున్నా ఉన్నా దాన్నుంచి 4 మిల్లీ యాంపియర్లు వస్తాయి, అవి కూడా రాకపోతే వైరు తెగినట్టు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ వైరు మాత్రం పీఎల్‌సీలోంచి పోనివ్వలేదు, నేరుగా ఇంజిన్‌కే లాగాం. కంప్యూటర్ ఆగినా ఇంజిన్‌ని ఆపగలగాలి కదా. ఇక తనిఖీ చేసే సర్వేయర్ గారి ముందు సముద్రంలో నడిపి చూపే సీ ట్రయల్ ఒక్కటే మిగిలింది. అదనంగా పట్టిన కేబుల్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మీలో ఏడుగురు పని బుక్ చేసుకున్నారు. వేట నిషేధం ముగిసే జూన్ 14 లోపు నాలుగు బోట్లే చేయగలం, అడ్వాన్స్ ముందు కట్టినవాళ్లవి ముందు. మిగతా ముగ్గురికీ ఫోన్ చేస్తాను. వేరే చోట చేయించుకుంటామంటే డబ్బు అదే రోజు తిరిగి ఇచ్చేస్తాను. స్క్రీన్ కావాలన్నవాళ్లకి ఒక మాట: చిన్న ట్రాలర్‌కి అది దండగ. బోటు అడుగున నీళ్లు చేరితే మోగే బిల్జ్ అలారం, ఆయిల్ ప్రెషర్ షట్‌డౌన్, ఈ రెండూ సరిగ్గా పనిచేస్తే చాలు.

ఇంకొకటి, మీ బోటు ప్యానెల్‌లో అలాంటి వైరు ముక్క ఉందని తెలిస్తే పనికి వచ్చే ముందే చెప్పండి. ఎవరు పెట్టారని అడగను.