విదేశీ కరెన్సీ కొనేవారికి చేతికొచ్చే రేటు కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల కాలం దగ్గరపడేకొద్దీ వ్యాపారం పేజీలోని మారకపు రేట్ల పట్టికను చూసేవారి సంఖ్య పెరుగుతుంది. పిల్లల చదువు కోసమో, వైద్యం కోసమో, నాలుగు చోట్లు చూసి రావడానికో విదేశానికి బయలుదేరబోయేవారు డాలరు, యూరో, పౌండు అంకెలు నిన్నటికంటే పెరిగాయా తగ్గాయా అని రోజూ సరిచూసుకుంటూ, ఈరోజే కొనాలా, మరో వారం ఆగాలా అని తర్జనభర్జన పడుతుంటారు. విదేశీ మారకం కౌంటరులో చాలా ఏళ్ళు పనిచేసి విరమించిన వ్యక్తిగా నాకు ఈ ఆందోళన బాగా తెలుసు. ఇందులో చాలావరకు అనవసరమైనదని, నిజంగా డబ్బు పోయే చోటు వేరే ఉందని, దాన్ని పాఠకులకు చూపించే అవకాశం మీ పత్రిక చేతిలోనే ఉందని నా నమ్మకం.

మీరు అచ్చువేసే రేటు తప్పని నేను అనడం లేదు. అయితే అది బ్యాంకులు తమలో తాము కోట్ల మొత్తాల్లో లావాదేవీలు జరుపుకునే చోట కుదిరిన టోకు ధర. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు సర్వే ప్రకారం 2022 ఏప్రిల్‌లో ప్రపంచ విదేశీ మారకపు మార్కెట్లో రోజుకు సగటున ఏడున్నర లక్షల కోట్ల డాలర్ల లావాదేవీలు జరిగాయి. అంత పెద్ద మార్కెట్లో ప్రధాన కరెన్సీల కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య తేడా అతి స్వల్పంగా ఉంటుంది. రెండు వేల యూరోల నోట్లు కావాలని కౌంటరు దగ్గరికి వచ్చే ప్రయాణికుడికి ఆ ధర దొరకదు. నోట్లను దేశాలు దాటించి తెప్పించుకోవడానికి, బీమాకు, భద్రపరచడానికి, అమ్ముడుపోయేదాకా పెట్టెలో ఊరికే ఉంచడానికి వ్యాపారికి ఖర్చవుతుంది, ఆపైన లాభమూ ఉండాలి. ఇది న్యాయమే. కానీ ఆ అదనపు భారం ఎంతో కొనేవారికి కనబడకపోవడం న్యాయం కాదు.

కౌంటరు పైన వేలాడే బోర్డునే తీసుకుందాం. ప్రతి కరెన్సీకి ఎదురుగా కొనుగోలు రేటు, అమ్మకం రేటు అని రెండు అంకెలు ఉంటాయి. ఇవి రెండూ వ్యాపారి వైపు నుంచి రాసినవి కాబట్టి, ప్రయాణానికి నోట్లు కొనేవారికి వర్తించేది అమ్మకం రేటు, అంటే రెండింటిలో పెద్దది. ఒక విదేశీ కరెన్సీ టోకు ధర సరిగ్గా 100 అనుకుందాం. బోర్డు మీద కొనుగోలు 96, అమ్మకం 104 అని ఉంటే, ఆ కరెన్సీలో వెయ్యికి లక్ష బదులు లక్షా నాలుగు వేలు చెల్లించాలి. ప్రయాణం ముగిశాక అందులో 250 మిగిలి వాటిని అదే కౌంటరులో తిరిగి ఇచ్చేస్తే, 26 వేలు పెట్టి కొన్నవాటికి 24 వేలే తిరిగొస్తాయి. మార్కెట్లో రేటు వెంట్రుకవాసి కూడా కదలకుండానే ఇదంతా జరుగుతుంది. ఆ బోర్డు కిందే 'కమిషన్ లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉండవచ్చు. ఆ మాట అబద్ధమేమీ కాదు, కమిషన్ విడిగా తీసుకోరు, రేటులోనే కలిపేస్తారు. విమానాశ్రయాల్లో, ముఖ్యంగా భద్రతా తనిఖీ దాటాక ఉండే కౌంటర్లలో, ప్రయాణికుడికి మరో దారి ఉండదని వ్యాపారికి తెలుసు కాబట్టి టోకు ధరతో ఈ తేడా 10 శాతం దాటడం కూడా అరుదు కాదు.

అందుకే కౌంటరులో ఉన్నన్నాళ్ళూ తెలిసినవారు ఎవరు సలహా అడిగినా నేను ఒకే మాట చెప్పేవాణ్ని. రేటు ఎంత, కమిషన్ ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా అడగవద్దు. 'నాకు ఇన్ని యూరోలు కావాలి, అన్నీ కలిపి నేను ఎంత కట్టాలి' అని ఒకే రోజు, ఇంచుమించు ఒకే సమయంలో, రెండు మూడు చోట్ల అడగండి. వచ్చిన జవాబును ఆ సమయపు టోకు ధరతో పోల్చి ఎంత శాతం ఎక్కువో చూసుకోండి. ఆ ఒక్క శాతమే సిసలైన ధర.

ఇక ఎప్పుడు కొనాలనే ప్రశ్న. రేటు పెరుగుతుందో తగ్గుతుందో ముందే చెప్పగలమనేవారి మాట విని ప్రయాణపు డబ్బును పణంగా పెట్టవద్దని నా మనవి. రిచర్డ్ మీస్, కెనెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు 1983లో ప్రచురించిన అధ్యయనంలో, సమీప భవిష్యత్తు మారకపు రేట్లను అంచనా వేయడంలో అప్పటి ప్రసిద్ధ ఆర్థిక నమూనాలు 'ఈరోజు రేటే రేపూ ఉంటుంది' అనే అతి సాదా అంచనాను కూడా మించలేకపోయాయని తేలింది. ఆ తర్వాత దశాబ్దాలుగా ఎంతో పరిశోధన జరిగినా, వారాలు, నెలల వ్యవధి విషయంలో ఆ తీర్పును గట్టిగా తోసిపుచ్చగలిగినవారు లేరు. పండితులకే అంతుపట్టని విషయాన్ని ప్రయాణికుడు పత్రిక చూసి పట్టుకోవాలనుకోవడం వృథా శ్రమ.

రెండు సంఘటనలు ఈ విషయాన్ని కళ్ళకు కడతాయి. ఒక యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే తమ కరెన్సీ ప్రియం కానివ్వబోమని 2011 సెప్టెంబరు నుంచి పట్టుబట్టిన స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, 2015 జనవరి 15న ముందస్తు సూచన లేకుండా ఆ హామీని వదిలేసింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కంటే కిందికి పడిపోయింది. ప్రయాణానికి ఫ్రాంకులు తర్వాత కొందామని యూరోలు పట్టుకుని ఆగినవారు ఆ రోజు నష్టపోయారు. మరుసటి ఏడాది 2016 జూన్ 23 రాత్రి, యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలా వద్దా అని బ్రిటన్‌లో జరిగిన రెఫరెండం ఓట్ల లెక్కింపు మొదలైన వేళకు 1.50 డాలర్ల దగ్గర ఉన్న పౌండు తెల్లవారేసరికి 1.33 దిగువకు జారింది. ఈసారి దెబ్బ తిన్నది తొందరపడి ముందే పౌండ్లు కొనిపెట్టుకున్నవారు. ఒకచోట ఆగడం తప్పయింది, మరోచోట ఆగకపోవడం తప్పయింది, ఏది తప్పవుతుందో ముందురోజు వరకూ తెలుసుకునే మార్గం లేదు.

కాబట్టి ప్రయాణానికి రెండు మూడు నెలల వ్యవధి ఉన్నవారు కావలసిన మొత్తాన్ని రెండు మూడు విడతలుగా కొనడం మేలు. దీనివల్ల అతి తక్కువ రేటు దొరుకుతుందని కాదు, అతి చెడ్డ రోజున మొత్తమంతా కొనే ప్రమాదం తప్పుతుంది. అయితే ప్రతి విడతకూ విడిగా స్థిరమైన రుసుము తీసుకునే చోట విడతలు పెంచితే మొదటికే మోసం వస్తుంది. విశ్వవిద్యాలయం ఫీజు, ఆసుపత్రి ఖర్చు వంటి ఎంతో ముందే తెలిసిన పెద్ద మొత్తాల విషయంలో, ఖర్చు ఖాయమైన వెంటనే కనీసం సగమైనా కొనేయడం మంచిది, ఎందుకంటే రేటు తిరగబడితే తట్టుకునే శక్తి అలాంటి కుటుంబాలకు తక్కువ. వారం రోజుల విహారానికి వెళ్ళేవారు మాత్రం ఈ తర్జనభర్జన మానుకోవచ్చు. మామూలు రోజుల్లో ప్రధాన కరెన్సీలు కొన్ని వారాల్లో ఒకటి రెండు శాతం అటూ ఇటూ కదులుతుంటాయి, మంచి కౌంటరుకూ చెడ్డ కౌంటరుకూ మధ్య తేడా తరచూ అంతకంటే ఎక్కువ.

విడతలుగా కొనాలనే ఈ సూత్రం వర్తించని కరెన్సీలు కొన్ని ఉన్నాయి. యూఏఈ దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టి ఉంచారు, సౌదీ రియాల్ కూడా 3.75 దగ్గర స్థిరంగా ఉంది. కాబట్టి డాలరు చాలా పెరిగిందని, దిర్హమ్ విడిగా తగ్గుతుందేమోనని ఎదురుచూడటంలో అర్థం లేదు. ద్రవ్యోల్బణం తీవ్రంగా ఉన్న దేశాల సంగతి దీనికి భిన్నం. టర్కీ లీరా ఒక్క 2021లోనే డాలరుతో పోలిస్తే సుమారు 44 శాతం విలువ కోల్పోయింది. ఈజిప్టు 2024 మార్చి 6న తమ పౌండు రేటును మార్కెట్‌కే వదిలేయగానే డాలరుకు 31 దగ్గర ఉన్న రేటు 50 సమీపానికి చేరింది. అలాంటి చోట్లకు ముందే స్థానిక నోట్లు కొనుక్కుని వెళ్ళడం డబ్బును చేజేతులా కరిగించుకోవడమే. చేరాక అవసరమైనంత మేరకు, అధికారికంగా అనుమతి ఉన్న చోట మార్చుకోవాలి. ట్యునీషియా దినారును దేశంలోకి తేవడం, బయటికి తీసుకెళ్ళడం రెండూ నిషిద్ధం కనుక అక్కడ ముందుగా కొనే ప్రశ్నే లేదు. యూరో చెల్లే దేశానికి డాలర్లు కొనుక్కుని వెళ్ళి అక్కడ మార్చుకునేవారు ఒకే డబ్బుకు రెండుసార్లు తేడా చెల్లిస్తున్నారని కూడా గుర్తించాలి.

ఎలా కొనాలనే విషయానికి వస్తే, నోట్లు మొదటి ఒకటి రెండు రోజుల ఖర్చుకు, కార్డు చెల్లని చోట్లకు సరిపడా ఉంటే చాలు. మిగతా ఖర్చుకు కార్డు సాధారణంగా చవక. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్‌ల రేటు టోకు ధరకు దగ్గరగానే ఉంటుంది, భారమంతా కార్డు ఇచ్చిన బ్యాంకు దానిపై వేసే విదేశీ లావాదేవీ చార్జీలో ఉంటుంది. ఆ చార్జీ కార్డుకూ కార్డుకూ సున్నా నుంచి మూడున్నర శాతం దాకా మారవచ్చు కనుక బయలుదేరే ముందే బ్యాంకును అడిగి తెలుసుకోవాలి. ఏటీఎంలో తీసేటప్పుడు సొంత బ్యాంకు ఒకటి, ఆ యంత్రం యజమాని ఒకటి రుసుము తీసుకోవచ్చు కాబట్టి పదిసార్లు కొద్దికొద్దిగా కాకుండా తక్కువసార్లు ఎక్కువ మొత్తం తీయడం లాభం. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే చాలా బ్యాంకులు ఆ రోజు నుంచే వడ్డీ వేస్తాయి. ముందే డబ్బు నింపుకునే ప్రయాణ కార్డులో నింపిన రోజు రేటు ఖాయమవుతుంది, అది మంచి సౌకర్యమే. అయితే ఒక కరెన్సీ నింపి మరో కరెన్సీలో ఖర్చుపెట్టినా, మిగిలింది వెనక్కి తీసుకున్నా మళ్ళీ కోత పడుతుంది. టోకు మార్కెట్ శుక్రవారం రాత్రి మూతపడి సోమవారం తెరుచుకుంటుంది కనుక, కొన్ని కార్డులు, యాప్‌లు శని, ఆదివారాల మార్పిడికి అదనంగా వసూలు చేస్తాయన్నది చాలామందికి తెలియదు.

ఇంత జాగ్రత్త పడినవారు కూడా చివరికి దుకాణంలో కార్డు పెట్టిన క్షణంలో మోసపోతుంటారు. బిల్లు 80 యూరోలు. యంత్రం తెరపై రెండు వరుసలు కనబడతాయి. పై వరుసలో ప్రయాణికుడి సొంత దేశపు కరెన్సీలో చిల్లరతో సహా లెక్కగట్టిన మొత్తం, కింది వరుసలో 80 యూరోలు. తెలిసిన కరెన్సీ కంటికి హాయిగా ఉంటుంది, వెనక వరుస పెరుగుతుంటుంది, దుకాణదారు పై మీట చూపిస్తాడు, వేలు దానిమీదే పడుతుంది. ఆ మార్పిడి రేటును నిర్ణయించేది దుకాణం తరఫు సంస్థలు, లాభంలో దుకాణానికీ వాటా ఉండవచ్చు, సొంత బ్యాంకు చార్జీ అప్పటికీ పడవచ్చు. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. ఆ ఎంపిక కార్డుదారుడిదే అని కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనలే చెబుతున్నాయి. ఏటీఎం కూడా ఇలాగే సొంత కరెన్సీలోకి మార్చే రేటు చూపి అంగీకారమా, నిరాకరణా అని అడుగుతుంది. నిరాకరణ నొక్కితే డబ్బు రాదేమోనని భయపడి చాలామంది అంగీకరిస్తారు. నిజానికి నిరాకరించేది మార్పిడిని మాత్రమే, డబ్బు మామూలుగానే వస్తుంది.

మిగిలిన నోట్లను ఏళ్ళ తరబడి దాచుకోవడం కూడా మంచిది కాదు. బ్రిటన్‌లో 20, 50 పౌండ్ల కాగితపు నోట్లు 2022 సెప్టెంబరు 30 తర్వాత దుకాణాల్లో చెల్లకుండా పోయాయి. వాటిని ఇప్పటికీ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మార్చి ఇస్తుంది గానీ, సముద్రం ఇవతల ఉన్నవారికి అది కష్టసాధ్యం.

దుకాణంలో, ఏటీఎంలో కరెన్సీ మార్చే చార్జీల విషయంలో నేను ఎక్కువగా మెచ్చే నిబంధన యూరోపియన్ యూనియన్ 2019లో చేసింది. దాని ప్రకారం 2020 ఏప్రిల్ నుంచి దుకాణంలోనో ఏటీఎంలోనో ఇలా కరెన్సీ మార్చి చూపేవారు, తమ మొత్తం చార్జీ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తాజా రేటుపై ఎంత శాతం ఎక్కువో చెల్లింపుకు ముందే చెప్పి తీరాలి. ఒక చట్టం అక్కడ చేయించిన పనిని ఇక్కడ ఒక పత్రిక తనంతట తాను చేయగలదు. మీ రేట్ల పట్టిక పక్కనే వారానికి ఒకసారి మరో చిన్న పట్టిక వేయవలసిందిగా కోరుతున్నాను. ప్రధాన కరెన్సీలు నాలుగైదింటికి టోకు ధర, అదే రోజు అదే సమయంలో కొన్ని బ్యాంకులు, మారకపు కేంద్రాలు, విమానాశ్రయ కౌంటర్లు నోట్లకు చెప్పిన ధర, కార్డుతో చెల్లిస్తే పడే ధర, ఒక్కొక్కటి టోకు ధరకంటే ఎంత శాతం ఎక్కువో అందులో ఉండాలి. ధరలు సేకరించిన తేదీ, సమయం తప్పనిసరిగా వేయాలి, లేకపోతే మధ్యాహ్నం రేటును సాయంత్రం రేటుతో పోల్చి పాఠకులు పొరబడతారు. మారకపు రేటు కొత్త రికార్డుకు చేరిన రోజున మీరు ఎలాగూ మొదటి పేజీలో వార్త వేస్తారు. ఆ వార్త చివర ఈ పట్టిక ఏ పేజీలో ఉందో ఒక్క వాక్యం చేర్చండి, కంగారుగా కౌంటరుకు పరుగెత్తేవారు ఎక్కువగా ఉండేది ఆ రోజే.

భవదీయుడు,
విదేశీ మారకం విభాగంలో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు