వార్షిక నివేదిక: మొరాకో యాత్ర, మిగతా కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం.

నెలనెలా జరిగిన సమావేశాలు, రక్తదాన శిబిరం, పుస్తకాల గది అన్నీ వరసగా రాసి, చివర్లో యాత్ర గురించి నాలుగు ముక్కలు కలపడం మన నివేదికలకు అలవాటు. ఈసారి తిరగేస్తున్నాను. సమావేశాలు జరిగాయి, ఒక్కటి మాత్రం కోరం లేక వాయిదా పడింది. పుస్తకాల గదికి కొత్త బీరువా వచ్చింది. శిబిరం బాగా జరిగింది. ఇక మిగిలింది అక్టోబరులో వెళ్లొచ్చిన మొరాకో యాత్ర. దాని మీద మెచ్చుకోళ్లు వచ్చాయి, ఫిర్యాదులు అంతకంటే ఎక్కువ వచ్చాయి. అందుకే వివరంగా చెప్పాలి.

వెళ్లింది 22 మందిమి. కాసాబ్లాంకాలో దిగి, రబాత్, మెక్నెస్, ఫెస్ చూసుకుని, అట్లాస్ పర్వతాలు దాటి, సహారా అంచున ఉన్న మెర్జూగా చేరి, అక్కడి నుంచి పడమటికి మళ్లి వర్జాజాత్ మీదుగా మరాకేష్ వెళ్లాలి. 10 రోజులు, ఒకే బస్సు, మొదటి నుంచి చివరి దాకా ఒకే గైడ్. పెద్ద ఊళ్లలో అక్కడి లైసెన్స్ ఉన్న గైడ్ అదనంగా వచ్చేవాడు. అలాంటివాళ్ల మెడలో బ్యాడ్జీ ఉంటుంది. అది లేనివాళ్లు "రండి, దారి చూపిస్తా" అంటే వెళ్లొద్దని మొదటిరోజే చెప్పారు. అయినా ఇద్దరు వెళ్లారు. పేర్లు రాయను.

కాసాబ్లాంకాలో విమానం దిగగానే మొదటి దెబ్బ తగిలింది. మన సభ్యుడొకరు తెచ్చుకున్న డ్రోన్‌ను కస్టమ్స్‌వాళ్లు పట్టుకున్నారు. ముందుగా అనుమతి లేకుండా ఆ దేశంలోకి డ్రోన్ తేకూడదు. రసీదు ఇచ్చి ఉంచుకుని, తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చారు. ఈ సంగతి ముందే తెలుసుకుని సభ్యులకు చెప్పాల్సింది కమిటీ. చెప్పలేదు. ఆ గంటన్నర అందరూ సామాన్ల మీద కూర్చున్నారు.

అక్కడ సముద్రం ఒడ్డున రాజు రెండో హసన్ పేరిట కట్టిన మసీదు ఉంది. 1993లో పూర్తయింది, మీనారు ఎత్తు దాదాపు 200 మీటర్లు. కట్టడంలో కొంత భాగం అట్లాంటిక్ నీటి మీదే నిలబడి ఉంటుంది. మొరాకోలో చాలా మసీదుల్లోకి ముస్లింలు కానివారిని రానివ్వరు. ఇక్కడ మాత్రం గైడ్‌తో లోపలికి వెళ్లి చూడొచ్చు. రబాత్‌లో చూసింది హసన్ గోపురం. దాన్ని మొదలుపెట్టిన యాకూబ్ అల్ మన్సూర్ 1199లో చనిపోవడంతో పని ఆగింది. 44 మీటర్ల దగ్గర ఆగినది ఆగినట్టే ఉంది. మన భవన నిర్మాణ కమిటీవాళ్లు దాని ముందు మిగతావాళ్లకంటే ఎక్కువసేపు నిలబడ్డారని గమనించాను.

ఫెస్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పాతబస్తీలోకి కార్లు రావు. గోడకీ గోడకీ మధ్య ఒక మనిషీ ఒక గాడిదా పట్టేంత సందులు. వెనక నుంచి "బాలక్!" అని కేక వినిపిస్తే గోడకు అతుక్కుపోవాలి. గ్యాస్ సిలిండర్లు మోస్తున్న కంచరగాడిద మన భుజం రాసుకుంటూ వెళ్లిపోతుంది. 859లో స్థాపించిన అల్ ఖరవియ్యిన్ మసీదు, విద్యాపీఠం అక్కడే ఉంది. ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించిందని చెప్పుకుంటారు. లోపలికి పోనివ్వరు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు గుమ్మం దగ్గర నిలబడి ముంగిలి చూసి వచ్చాం.

తోళ్లు పదునుచేసే చోటికి వెళ్లే మెట్ల దగ్గర చేతికి తలా ఒక పుదీనా రెమ్మ ఇచ్చారు. ఎందుకో పైకెక్కాక అర్థమైంది. కింద తేనెపట్టు గదుల్లా రాతి తొట్లు. తెల్లటి తొట్లలో సున్నం, పావురాల రెట్ట కలిపిన నీళ్లు. వెంట్రుకలు ఊడి తోలు మెత్తబడటానికి అది. ఒకతను ఆ నీళ్లలో తొడల దాకా దిగి, తోళ్లను కాళ్లతో తొక్కుతూ, పైనున్న మావైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తి, తీయకుండానే దించేశాను.

ఆ తర్వాత తివాచీల కొట్టుకు తీసుకెళ్లారు. గంటన్నర. టీ ఇచ్చారు, 40 తివాచీలు పరిచారు, కొన్నది ఒక్కరు. మన ఒప్పందంలో కొట్ల మాటే లేదు. ఏర్పాట్లు చూసిన ఏజెన్సీకి ఉత్తరం రాశాం, జవాబు ఇంకా రాలేదు.

ఇక అసలు ఫిర్యాదు: ఫెస్ నుంచి మెర్జూగా. దాదాపు 470 కిలోమీటర్లు, అదీ కొండదారి, దానికి మేము పెట్టింది ఒక్క రోజు. కార్యక్రమం వేసింది మేమే కాబట్టి ఈ తప్పు ఏజెన్సీ మీదకు నెట్టను. ఊళ్లు ముఖ్యం, మధ్య దారిదేముంది, నిద్రపోతే అయిపోతుంది అనుకున్నాం. ఆ దారే యాత్రంతటిలో గొప్పదని బస్సులో కూర్చున్నాకగానీ తెలియలేదు.

మొదట ఇఫ్రాన్ అనే కొండ ఊరు. 1935లో ఇక్కడ మైనస్ 23.9 డిగ్రీలు నమోదైంది, ఆఫ్రికాలో అంత చలి ఇంకెక్కడా నమోదు కాలేదు. ఆ తర్వాత అజ్రూ దగ్గర దేవదారు అడవి, తోకల్లేని కోతులు. కనుమ దాటేసరికి పచ్చదనం తగ్గుతూ వచ్చి రాయి మిగిలింది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమను కొండలు ఇవతలే ఆపేస్తాయి. బడిలో చదివిన వర్షచ్ఛాయ అనే మాటను ఆ పూట కిటికీలోంచి చూశాం. జిజ్ లోయలో ఎండిన కొండల నడుమ పారే ఖర్జూర తోటలను మసక చీకట్లో ఐదు నిమిషాలు చూసి కదిలాం. ఇసుక తిన్నెల దగ్గర సూర్యాస్తమయం అన్నది కార్యక్రమ పత్రంలోనే మిగిలింది.

దారిలో దాటిన రిస్సానీ పక్కనే ఒకప్పటి సిజిల్మాసా నగరం. ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1352లో ఇక్కడి నుంచే ఎడారి దాటడానికి బయల్దేరాడు. ఒంటెలు కొని, వాటికి 4 నెలల మేత సమకూర్చుకుని మరీ కదిలాడు. ఉప్పు గనుల ఊరు తఘాజా చేరడానికి 25 రోజులు పట్టింది. ఈ కథ గైడ్ చెబుతుంటే కోశాధికారి గారు నావైపు తిరిగి, "చూశారా కార్యదర్శి గారూ, ఆయన మీలాగా ప్లాన్ వేయలేదు" అన్నారు.

మర్నాడు తెల్లవారకముందే ఒంటెలెక్కాం. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది కాబట్టి మనం ముందుకు పడతాం. కూర్చునేటప్పుడు మొదట ముందరి కాళ్లు మడుస్తుంది, అప్పుడూ ముందుకే పడతాం. రెండుసార్లూ వెనక్కి వాలాలి. మోకాళ్ల నొప్పులున్నవారు దూరంగా ఉండటమే మంచిది, నాతో సహా. ఎర్గ్ చెబ్బీ తిన్నెలు దాదాపు 150 మీటర్ల దాకా లేస్తాయి. ఎండ పడేకొద్దీ నారింజ రంగు తిరిగింది. ఎవరూ మాట్లాడలేదు, మన గుంపు మాట్లాడకుండా ఉన్న అరగంట అదొక్కటే.

అక్కడి నుంచి పడమటికి వెళ్తుంటే నేల మీద చీమల పుట్టల్లా మట్టి గుట్టలు వరసగా కనిపించాయి. ఖెత్తారాలు. కొండ పాదం దగ్గరి భూగర్భ జలాన్ని వాలుగా తవ్విన సొరంగంలో, మోటారు అవసరం లేకుండా, పొలాల దాకా తెచ్చే ఏర్పాటు. ఆ గుట్టలు సొరంగం పొడవునా తవ్విన బావుల నుంచి తీసిన మట్టి. మనలో వ్యవసాయం చేసిన పెద్దాయన బస్సు దిగి, ఒక బావిలోకి తొంగి చూసి, ఎండిపోయిందని తెలిసి చాలాసేపు మాట్లాడలేదు.

తోద్రా లోయలో 300 మీటర్ల రాతిగోడల మధ్య నడిచాం. ఐత్ బెన్ హద్దూ మట్టి కోటను 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉంచారు. తిజీ న్ తిష్కా కనుమ 2,260 మీటర్ల ఎత్తు. మలుపుల్లో ఐదుగురికి వాంతులయ్యాయి. మరాకేష్‌లో 2023 సెప్టెంబరు 8 రాత్రి భూకంపం గురించి అడిగితే, అప్పటిదాకా గలగలా మాట్లాడిన గైడ్, దాదాపు 3,000 మంది పోయారని మాత్రం చెప్పి ముందుకు నడిచాడు. మేమూ మళ్లీ అడగలేదు.

లెక్కలు కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. ఒక్క మాట: దేశం దాటేటప్పుడు అక్కడి డబ్బు 2,000 దిర్హంలకు మించి వెంట ఉండకూడదు. మిగిలినవి విమానాశ్రయంలో మార్చాలంటే మొదట మార్చుకున్న రసీదు చూపమన్నారు. ముగ్గురు పారేసుకున్నారు.

వచ్చే యాత్రకు కమిటీ ప్రతిపాదన ఇది. ఎక్కడికి వెళ్లినా రోజుకు 250 కిలోమీటర్లకు మించి ప్రయాణం వద్దు. ఎడారి ఉంటే అక్కడ రెండు రాత్రులు. అందుకు ఒక ఊరు తగ్గినా ఫర్వాలేదు. కొట్లకు తీసుకెళ్లకూడదని ఒప్పందంలో రాయించాలి. సర్వసభ్య సమావేశంలో దీనిపై చేతులెత్తించి ఓటు తీసుకుంటాం. డ్రోన్ ఉన్న సభ్యుడు ఒక సవరణ ఇస్తానన్నారు, అదీ అప్పుడే చర్చకు వస్తుంది.

కార్యదర్శి