మంత్రిగారూ, రంగుల బొమ్మతో పాటు ఒక పేజీ చేతిలెక్క కూడా అడగండి

పరిశ్రమల భద్రత చూసే మంత్రిగారికి నమస్కారం,

ఫర్నేసులకి హీట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్లో వేడి లెక్కలు, చేసుకుని బతికేవాణ్ణి నేను. ఫర్నేసుకి ఎంత దూరంలో మనిషి నిలబడొచ్చు, పక్క గోడ ఎంత వేడెక్కుద్ది అని మీ శాఖకి రిపోర్టులు వస్తాయి కదండీ, నిండా ఎరుపు పసుపు నీలం బొమ్మలే, ఆ బొమ్మలు చూసి సంతకాలు అయిపోతున్నాయి గానీ కింద ఉన్న నంబరు ఎక్కడ్నుంచి వచ్చిందో అడిగేవాళ్ళే లేరు.

రేడియేషన్ దగ్గర, అంటే వేడి వస్తువు నుంచి కిరణాల్లా వెలువడే వేడి దగ్గర, ఇది మామూలు నిర్లక్ష్యం కాదు. వస్తువు నుంచి అలా వెలువడే వేడి టెంపరేచర్ నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, అదీ కెల్విన్‌లో (సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చేది). టెంపరేచర్ 5 శాతం ఎక్కువ వేసుకుంటే వేడి 21 శాతం పైనే ఎక్కువ చూపిస్తది.

నా తప్పే చెప్తా. ఎదురెదురుగా రెండు పెద్ద ప్లేట్లు, ఒకటి 1000 కెల్విన్, ఇంకోటి 500, రెండిటి ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంత బాగా వెలువరిస్తదో చెప్పే నంబరు, గరిష్ఠం 1) 0.8. సాఫ్ట్‌వేర్ చదరపు మీటరుకి సుమారు 35,400 వాట్లు ఇచ్చింది, నా చేతిలెక్క 10,459 అంది. రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నా, తీరా చూస్తే ఎక్సెల్ షీట్‌లో 727, 227 అని సెల్సియస్ కొట్టి నాలుగో ఘాతం వేసింది నేనే! ఇక్కడ తప్పు లెక్కది, కానీ పక్కపక్కన పెట్టబట్టే కదా బయటపడింది.

ఇంకో రకం కూడా ఉంది. మీటరు చదరం ప్లేట్లు రెండు మీటరు దూరంలో పెట్టి, పక్కలు తెరిచి ఉంచి, ఆ వచ్చిన నంబరుని అనంతమైన ప్లేట్ల ఫార్ములాతో (పక్కల నుంచి వేడి ఏమీ పోదనుకుని వేసేది) పోల్చి 'మ్యాచ్ కావట్లేదు' అని గుండెలు బాదుకుంటారు. ఎలా మ్యాచ్ అవుద్ది? అక్కడ వ్యూ ఫ్యాక్టర్ 0.2, అంటే ఒక ప్లేట్ నుంచి బయల్దేరిన దాంట్లో అయిదో వంతే ఎదుటి దానికి చేరుద్ది, మిగతాదంతా పక్కల నుంచి పోద్ది. సిమ్యులేషన్ తప్పు కాదు, పోలికే తప్పు.

నాకు బాగా ఇష్టమైన టెస్టు మూసిన డబ్బా. ఆరు గోడలకీ ఒకే టెంపరేచర్ ఇస్తే ఏ గోడ మీదైనా నికరంగా వచ్చే వేడి సున్నా కావాలి. సున్నా రాలేదంటే ఆ మిగిలిందంతా పొరపాటే, ఇంక సాకులు చెప్పడానికేం లేదు.

'మెష్ (లెక్క కోసం ఆకారాన్ని విడగొట్టే చిన్న చిన్న గళ్ళు) చిన్నది చేశాం, ఆన్సర్ మారలేదు' అని కూడా రాస్తారు చూడండి, అది చాలదు. తప్పు ఎమిసివిటీ ఇచ్చినా ఆన్సర్ అంతే చక్కగా ఒక చోట నిలబడుద్ది. మాంటే కార్లో పద్ధతి (యాదృచ్ఛికంగా కిరణాలు వదిలి వేడి లెక్కగట్టేది) అయితే కిరణాలు నాలుగు రెట్లు చేస్తే గానీ ఆన్సర్‌లో అటూఇటూ ఊగే తేడా సగానికి తగ్గదు, కాబట్టి ఎన్ని కిరణాలు వాడారో కూడా రాయించాలి.

నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మసి ఉన్న అసలు ఫర్నేసుకి ఈ చిన్న ఫార్ములాలు సరిపోవు, ఒప్పుకుంటా. కానీ ఖాళీ డబ్బాకే సున్నా తేలేని సెటప్‌ని పొగ నిండిన ఫర్నేసు దగ్గర ఎలా నమ్మమంటారు?

కమిటీలేం వద్దు సార్. ఫారంలో ఒక్క గడి పెట్టించండి: అదే సాఫ్ట్‌వేర్, అదే వెర్షన్, అవే రేడియేషన్ సెట్టింగులతో తెలిసిన ఒక కేసు, సిమ్యులేషన్ నంబరు, చేతిలెక్క నంబరు, తేడా ఎంత, ఎందుకు. అది కూడా సంతకం పెట్టే చోటుకి పైన పెట్టించండి, కింద ఉంటే ఎవరూ చూడరు.

ఇట్లు,
ఒక థర్మల్ ఇంజనీరు