ఎపాక్సీ రెసిన్ సెట్టుపై ఫిర్యాదు

కర్నూలు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ రెసిన్, హార్డనర్ సెట్టుపై హెచ్చరికలు లేకపోవడం, మీ హెల్ప్‌లైన్‌లో తప్పుడు సలహా ఇవ్వడం గురించి.

అయ్యా,

సుంకేసుల బ్యారేజీ దగ్గర చేపలు పట్టుకోవడానికని నేను, మా తమ్ముడు ఇంటి దగ్గరే చిన్న ప్లైవుడ్ పడవ కడుతున్నాం. అతుకులకు, పైన గ్లాస్ క్లాత్ (గాజు పోగుల బట్ట) అంటించడానికి, రెసిన్‌లో హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురైన మీ సెట్టు కొన్నాం.

సీసా మీద మీ కంపెనీ గుర్తు అరచేయంత ఉంది. హార్డనర్‌లోని అమీన్లు అనే రసాయనాలు చర్మాన్ని కాలుస్తాయని, ఎలర్జీ తెప్పిస్తాయని ఎక్కడా లేదు. పాళ్లు 10:1 అని వేశారు. బరువు తూకానికా, మూతతో పోసే కొలతకా? రెసిన్ బరువెక్కువ, హార్డనర్ తేలిక కాబట్టి ఆ రెండు లెక్కలూ ఒకటి కావు. షాపాయన్ని అడిగితే "మూతతో పోసుకోన్నా, అందరూ అట్లనే చేస్తారు" అన్నాడు. మేం తూకం వేసే కలిపాం. ఇక మీరు సెట్టులో పెట్టిన గ్లవ్స్ బిర్యానీ పార్సిల్‌లో వచ్చే పల్చటి తొడుగుల్లాంటివి. వేళ్ల దగ్గర చిరిగిపోయాయి. ఈ పనికి కావలసింది నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లవ్స్.

కలిపాక గట్టిపడేలోపు వాడుకోవడానికి 40 నిమిషాలు టైముంటుందని రాశారు. పక్కనే చీమ తలంత అక్షరాల్లో 25 డిగ్రీల దగ్గర అని ఉంది. మే నెలలో కర్నూలులో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయండీ? పది డిగ్రీలు పెరిగితే ఆ టైము దాదాపు సగానికి పడిపోతుంది. పైగా కలిపిన రెసిన్ తనంతట తానే వేడెక్కుతుంది. లోతు గిన్నెలో ఉంటే ఆ వేడి బయటికి పోదు. మా తమ్ముడి చేతిలోని మగ్గు ఉన్నట్టుండి కాలింది, రెసిన్ పచ్చబడి పొగలు కక్కింది, మగ్గు అడుగు మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. ఇసుక కుప్ప మీదికి విసిరేశాడు కాబట్టి సరిపోయింది. 'వెడల్పాటి ట్రేలో కొద్దికొద్దిగా కలపండి' అని ఒక్క ముక్క అచ్చేస్తే మీ సొమ్మేం పోయేది?

చేతులకు అంటిందని మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే థిన్నర్‌తో తుడుచుకోమన్నారు. థిన్నర్ చర్మం మీది నూనెను లాగేసి రెసిన్‌ను లోపలికి దించుతుందట, సబ్బు నీళ్లతో కడగాలట. ఈ మాట చర్మం డాక్టరు చెప్పారు, మీరు కాదు. తమ్ముడికి వేళ్ల సందుల్లో నీటి పొక్కులు లేచాయి, కనురెప్పలు వాచాయి. ఈ ఎలర్జీ ఒకసారి పట్టిందంటే సాధారణంగా పోదని, మళ్లీ రెసిన్ జోలికి వెళ్లొద్దని డాక్టరు చెప్పారు.

సరైన సూచనలు, హెచ్చరికలు లేని సరుకుకు తయారీదారుదే బాధ్యతని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. సెట్టు డబ్బులు, వైద్యం ఖర్చు ఇవ్వండి, సరుకులోని రసాయనాలు, వాటి ప్రమాదాలు, జాగ్రత్తలు రాసే సేఫ్టీ డేటా షీట్ పంపండి. ఇక్కడ అమ్మే ప్రతి సీసా మీద తెలుగులో హెచ్చరిక వేయండి. మీ హెల్ప్‌లైన్‌లో ఆ థిన్నర్ సలహా ఈ రోజే ఆపించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు, డాక్టరు చీటీ, సీసాల ఫోటోలు జత చేశాను. వంగిన మగ్గు నా దగ్గరే ఉంది, మీ మనిషిని పంపితే చూపిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు