గునుగు పూలతో లెక్కలు

సంపాదక మహాశయా,

యూకేజీ చదివే మా మనవరాలు 1 నుంచి 100 వరకు గడగడా అప్పజెబుతుంది. మొన్న అన్నాల వేళ "నాలుగు పళ్లేలు తేవే" అంటే మూడే తెచ్చి నిలబడింది. నా మనసు కలుక్కుమంది.

మర్నాడు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతి, గునుగు పూలు కొని, ఇద్దరం తాంబాళంలో చిన్న బతుకమ్మను పేర్చాం. రెండు గునుగులు, ఒక బంతి, మళ్లీ రెండు గునుగులు. కింది వరస పెద్దది, పైకి పోనుపోను చిన్నది. మూడో వరసలో ఖాళీ మిగిలింది. "ఇంకెన్ని కావాలే?" అన్నాను. ఖాళీలో వేలు ఆనించుకుంటూ పోయి "ఐదు అమ్మమ్మా" అంది. సరిగ్గా ఐదే పట్టాయి!

ఇప్పుడు వామనగుంటలు ఆడుతున్నాం. 14 గుంటల్లో గుంటకొక చింతగింజ వేస్తూ పోతుంటే అంకె చేతికి అందుతుంది.

మూడో తరగతి పూర్తయ్యేలోగా చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మా పాప బడిలో మాత్రం ఇప్పటికీ నోటుబుక్కులు నింపించడమే. అదేమంటే, రాయించకపోతే సిలబస్ ఆగిపోతుందట. ప్రీ ప్రైమరీ నడిపే యాజమాన్యాలకు నా విన్నపం: ఈ దసరా సెలవులకు రాత హోంవర్క్ మానేసి, పిల్లల చేతికి పూలు, గింజలు ఇవ్వండి.

— ఒక అమ్మమ్మ, వారాసిగూడ, హైదరాబాద్