విల్లు తీసేస్తే ఆమె మెరిడా ఎలా అవుతుంది?

సంపాదకులు గారికి,

యానిమేషన్ సినిమాల్లో రాకుమారి అంటే పెళ్లికి ఎదురుచూసే పిల్లే అనుకునేవాళ్లు 2012లో వచ్చిన ‘బ్రేవ్’ చూడాలి. అందులో రాకుమారి మెరిడా తన పెళ్లి కోసం పెట్టిన విలువిద్య పోటీలో తానే విల్లు పట్టుకుని దిగుతుంది, బిగుతు గౌను పర్రున చినిగినా ఆగకుండా మూడు లక్ష్యాలనూ కొట్టేస్తుంది. చివరికి ఎవరినీ పెళ్లి చేసుకోదు. అలాంటి పిల్లను 2013లో డిస్నీ తన రాకుమార్తెల వరుసలో చేర్చేటప్పుడు నడుము సన్నం చేసి, తళుకుల గౌను తొడిగి, చేతిలో విల్లు లేకుండా బొమ్మ గీసింది. ఆ పాత్రను సృష్టించిన బ్రెండా చాప్‌మన్ గట్టిగానే తప్పుపట్టారు, ఆ కోపం న్యాయమైనదే.

వరంగల్ చౌరస్తాలో మా పాపకు స్కూల్ బ్యాగు కొనబోతే అన్నిటి మీదా కిరీటాలు, గౌన్లే. రుద్రమదేవి ఏలిన ఊరండీ ఇది! 13వ శతాబ్దంలో యాదవ రాజు దండెత్తి వస్తే తిప్పికొట్టిన మనిషి. ఆమె కథను చిన్నపిల్లలకు అర్థమయ్యేలా, మన మాటల్లో మంచి యానిమేషన్ సినిమాగా ఎవరైనా తీయాలి, పిల్లల్ని ఖిలా వరంగల్ తోరణాల దగ్గరికి తీసుకెళ్లి మిగతాది మేం చెప్పుకుంటాం. మీ ఆదివారం సంచికలో దీని గురించి రాయండి.

ఒక పాఠకురాలు, హన్మకొండ