ఘన స్థితిలో అయాన్లు కదలవని పిల్లలకు నేర్పకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ చదువు పేజీలో వచ్చే కెమిస్ట్రీ బిట్లను మా కాలేజీ పిల్లలు కత్తిరించి దాచుకుంటారు, అందుకే ఈ ఉత్తరం రాయాల్సి వస్తోంది. అయానిక పదార్థాలు (అంటే విద్యుదావేశం ఉన్న కణాలైన అయాన్లతో ఏర్పడిన లవణాల్లాంటివి) ఘన స్థితిలో విద్యుత్తును ప్రసరింపజేయవు, కరిగిస్తేనే చేస్తాయని మొన్న కూడా ఒక బిట్‌కి జవాబు ఇచ్చారు. వంట ఉప్పు వరకు అది సరే, అన్ని లవణాలకూ అదే రూలు అన్నట్టు రాయడం మాత్రం తప్పు. సిల్వర్ అయొడైడ్‌ని 147 డిగ్రీలు దాటిస్తే చాలు, ఇంకా గట్టిగా ఉండగానే అందులో వెండి అయాన్లు పరుగు పెడతాయని జర్మనీలో ట్యూబంట్, లోరెంజ్ 1914లోనే చూపించారు.

లిథియం, బోరాన్, హైడ్రోజన్ కలిసిన లవణం లిథియం బోరోహైడ్రైడ్ సంగతి నాకు ఇంకా ఆశ్చర్యం. బరువులో 18 శాతానికి పైగా హైడ్రోజనే కాబట్టి చాలాకాలం దాన్ని హైడ్రోజన్ నిల్వ చేసే పొడిగానే చూశారు. జపాన్‌లో తొహోకు యూనివర్సిటీ వాళ్లు 2007లో ఇంకో సంగతి బయటపెట్టారు. దాదాపు 110 డిగ్రీల దగ్గర దాని స్ఫటికం అమరిక మారిపోతుంది, దాంతో లిథియం అయాన్ల వాహకత ఒక్కసారిగా వెయ్యి రెట్లు పెరుగుతుంది, అదీ కరగడానికి ఇంకా 160 డిగ్రీలకు పైగా ఉండగానే. మరి చల్లారితే ఆ గుణం పోతుంది కదా అంటే, లిథియం అయొడైడ్ కలిపితే నిలుస్తుందని తేలింది. అయొడైడ్ అయాన్ బోరోహైడ్రైడ్ అయాన్ కంటే కాస్త పెద్దది, దాని స్థానంలో చేరి వేడి మీద ఉండే ఆ అమరికను గది ఉష్ణోగ్రతలో కూడా నిలబెడుతుంది.

క్లోరైడ్‌తో అలా కుదరదు, అది చిన్నది; వేడి మీద స్ఫటికంలోకి చేరినా, చల్లారాక మెల్లగా విడిపోతుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ పరిశోధకులు 2009 ప్రాంతంలో లిథియం క్లోరైడ్, లిథియం బోరోహైడ్రైడ్ పొడులను సమపాళ్లలో కలిపి వేడి చేస్తే, 224 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 42 శాతం బోరోహైడ్రైడ్ స్థానాల్లోకి క్లోరైడ్ వచ్చేసింది, ఒక్క చుక్క ద్రావణి లేకుండా. అలాంటి ఇంకో నమూనాను 245 డిగ్రీల దగ్గర 24 రోజులు ఉంచి, తర్వాత 13 నెలలు మామూలు గది వేడిలో వదిలేశారు. చివరికి స్ఫటికంలో క్లోరైడ్ 9 శాతమే ఉంది, మిగతాది లిథియం క్లోరైడ్‌గా విడిగా ఉంది. ఎవరూ ముట్టుకోని పొడిలో, గది వేడిలో ఏమవుతుందో చూడండి! ఘన పదార్థంలో ఏ కదలికా ఉండదని క్లాసులో చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు.

ఇది ల్యాబ్‌లో ముచ్చట మాత్రమే కాదు. 2022లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలోనే స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఇప్పటి లిథియం బ్యాటరీల్లో ఉండే ద్రవం తేలిగ్గా అంటుకుంటుంది, దాని బదులు అయాన్లు నడిచే ఘన పదార్థం పెట్టాలన్న ప్రయత్నంలో ఈ బోరోహైడ్రైడ్‌లు కూడా ఒక దారి. అలాగని వీటితో ఇబ్బందులు లేవనను, తేమ తగిలితే పాడవుతాయి, ఆర్గాన్ నింపిన పెట్టెలోనే పని చేయాలి. లిథియం బోరోహైడ్రైడ్‌ని సీరియం క్లోరైడ్‌తో కలిపి బాల్ మిల్‌లో (గట్టి గుండ్లతో పొడిని నూరే యంత్రంలో) తిప్పితే మంచి వాహకం వస్తుంది గానీ, పక్కన పుట్టిన లిథియం క్లోరైడ్ కూడా ఆ పొడిలోనే కలిసిపోయి పనికిరాని బరువుగా మిగులుతుంది.

దయచేసి ఆ బిట్‌లో ‘సాధారణంగా’ అన్న మాట చేర్చండి, కింద సిల్వర్ అయొడైడ్ ఉదాహరణ ఒక్క వాక్యం వేయండి. వీలైతే ఘన స్థితి బ్యాటరీల మీద ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా అర పేజీ కేటాయించండి.

ఇట్లు,
ఒక ఇంటర్ కెమిస్ట్రీ లెక్చరర్, కరీంనగర్